కాలేయమూ అమానతే

అరబీ భాషలో కాలేయాన్ని 'కబిద్' అంటారు. దప్పికతో రొప్పుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్లు నింపి తెచ్చి తాగించిన వ్యక్తి వృత్తాంతం మన పిల్లలందరికీ తెలిసినదే. మూగజీవాల పట్ల దయ చూపినా పుణ్యం లభిస్తుందా అని సహాబాలు అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఔననే బదులిచ్చారు. ఆ బదులులో 'ప్రాణి' అనే మాట లేదు. తడి ఉన్న కాలేయం అనే అర్థమిచ్చే మాట ఉంది. బతికి ఉన్న ప్రతి జీవినీ దాని కాలేయంతో గుర్తించడం ఆ భాషలోని పలుకుబడి. మన ఇళ్లలోని ఉర్దూలోనూ అంతే. ధైర్యవంతుణ్ణి జిగర్ ఉన్నవాడంటాము, కన్నబిడ్డను జిగర్ ముక్క అంటాము. ఇబ్నె సీనా వంటి మన పూర్వ వైద్యులు హృదయం, మెదడులతో సమానంగా కాలేయాన్ని ప్రధాన అవయవాల్లో లెక్కించారు. మన కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల విద్యార్థులు ఆ పాఠాన్ని నేటికీ చదువుతున్నారు.

ఇంతటి గౌరవం పొందిన అవయవాన్ని గురించి మాట్లాడడానికి నేడు మన కుటుంబాలు సిగ్గుపడుతున్నాయి. కాలేయానికి జబ్బు అనగానే జనానికి మద్యం గుర్తుకు వస్తుంది. మద్యాన్ని హరామ్‌గా ఎంచి, దాని వాసన కూడా సోకకుండా జీవించిన వ్యక్తికి ఆ జబ్బు వచ్చిందంటే చాలు, చుట్టుపక్కలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపులకు భయపడి రోగి తన కాగితాలను దాచుకుంటాడు. దాచిన కాగితాన్ని వైద్యుడు కూడా చూడలేడు. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఈ దాచుకోవడమే.

కొవ్వు వేరు, మచ్చ వేరు

మనం తిన్న ఆహారంలో శరీరానికి అవసరమైన దానికంటే ఎక్కువైన భాగాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. చక్కెర, తెల్లబియ్యం, మైదా, తీపి పానీయాలు అతిగా లోపలికి వెళ్లి, ఒంటికి పని తగ్గినప్పుడు ఆ కొవ్వు కాలేయ కణాల్లోనే పేరుకుంటుంది. దీన్నే ఫ్యాటీ లివర్ అంటున్నారు. మధుమేహం, నడుము చుట్టూ కొవ్వు, అధిక రక్తపోటు ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ. భారతదేశ జనాభాలో 9 నుంచి 32 శాతం వరకు ఈ సమస్య ఉన్నట్లు వివిధ అధ్యయనాలు తెలుపుతున్నాయని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021లో ప్రకటించింది. మధుమేహం, గుండె జబ్బులు, పక్షవాతం, క్యాన్సర్ల నివారణకు నడుస్తున్న జాతీయ కార్యక్రమంలో ఆ ఏడాదే దీన్ని కూడా చేర్చింది. హైదరాబాదులో ఐటీ ఉద్యోగులపై జరిగి 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో పరీక్షించిన 345 మందిలో 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు పెరిగినట్లు తేలింది. వారు రోజంతా కుర్చీలో కూర్చునేవారు. మన దర్జీలు, దుకాణదారులు, ఆటో నడిపేవారు, చివరకు మా వంటి మదర్సా ఉపాధ్యాయులు కూడా కూర్చునేవారే.

అయితే కాలేయంలో కొవ్వు ఉన్న వారందరికీ ప్రాణాపాయం లేదు. ఎక్కువ మందిలో అది కొవ్వుగానే ఉండిపోతుంది. కొందరిలో మాత్రం ఆ కొవ్వు లోపల మంటను పుట్టిస్తుంది. మంట రేగిన చోట శరీరం గాయాన్ని మాన్పడానికి నారలాంటి కణజాలాన్ని అల్లుతుంది. చేతికి తెగిన గాయం మానాక మచ్చ మిగిలినట్లే లోపలా మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతూ పోతే మెత్తని కాలేయం గట్టిపడుతుంది. వైద్యులు మచ్చ దశలను సున్నా నుంచి 4 వరకు లెక్కిస్తారు. నాలుగవ దశను సిర్రోసిస్ అంటారు. రోగి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించేది కొవ్వు ఎంత ఉందన్నది కాదు, మచ్చ ఎంత ఉందన్నది.

ఇక్కడే మన వాళ్లు పొరపడుతున్నారు. కడుపు స్కానింగ్ కాగితంపై గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని చూసి, మొదటి గ్రేడే కదా అని ఊరుకుంటారు. గ్రేడ్ 3 అని ఉన్నవారు నిద్ర మానుకుంటారు. ఆ గ్రేడు కొవ్వుకు సంబంధించినది, మచ్చకు సంబంధించినది కాదు. తొలిదశల మచ్చలను మామూలు స్కానింగ్ పట్టుకోలేదు. పైగా మచ్చ బాగా ముదిరిన కాలేయంలో కొవ్వు తగ్గిపోయి కనిపించడం కూడా ఉంది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన మచ్చ లేదని చెప్పడానికీ వీలులేదు.

మా పత్తికొండ పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది ఒక మరణం వల్ల. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఇక్కడే కలరాతో మరణించాడు. ఉదయం జబ్బు కనిపించింది, రాత్రికి ప్రాణం పోయింది. ఆ కాలంలో జనం భయపడింది అలాంటి జబ్బులకు. ఫ్యాటీ లివర్ నడక దానికి పూర్తిగా విరుద్ధం. కాలేయంలో మచ్చ ఒక దశ నుంచి మరో దశకు చేరడానికి సగటున ఏడేళ్లో, పద్నాలుగేళ్లో పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ఏళ్లన్నిటా నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాళ్లకు నీరు దిగి, పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడే నాటికి చేయగలిగింది చాలా తగ్గిపోయి ఉంటుంది. కలరా మనిషికి వ్యవధి ఇవ్వదు. ఈ జబ్బు ఏళ్ల తరబడి వ్యవధి ఇస్తుంది, కానీ ఆ సంగతి చెప్పదు. వెతికి తెలుసుకోవలసింది మనమే.

దుష్ట అనుమానం కూడా ఒక రోగమే

మద్యం తాగనివారి కాలేయంలోనూ తాగేవారి కాలేయంలో కనిపించే మార్పులే వస్తాయన్న సంగతిని స్పష్టంగా గుర్తించి దానికొక పేరు పెట్టినది అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు యూర్గెన్ లుడ్విగ్. 1980లో ఆయన, ఆయన సహచరులు 20 మంది రోగులను గురించి వివరించారు. అంతకుముందు ఇటువంటి రోగులు తాము తాగమని ఎంత మొత్తుకున్నా వైద్యులే నమ్మని సందర్భాలు ఉండేవి. ఆ తరువాత చాలాకాలం ఈ జబ్బును 'నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్' అన్నారు. తాగనివారి జబ్బు పేరులో కూడా మద్యం పేరు మిగిలిపోయింది. 2023లో వివిధ దేశాల కాలేయ వైద్య సంఘాలు కలిసి ఆ పేరును మార్చాయి. రోగిని కించపరిచే మాటలు పేరులో ఉండకూడదన్నది అందుకు ఒక కారణం. ఇప్పుడు దాన్ని శరీర జీవక్రియల లోపంతో ముడిపెట్టి, పొట్టిగా ఎంఏఎస్ఎల్‌డీ అని పిలుస్తున్నారు.

వైద్యులు పేరు మార్చారు. మనం చూపు మార్చుకోవాలి. దివ్యఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ అధ్యాయం విశ్వాసులను అనుమానాలకు దూరంగా ఉండమని, ఒకరి గుట్టు ఒకరు ఆరా తీయవద్దని, వీపు వెనుక చెడు మాట్లాడవద్దని ఒకే వరుసలో హెచ్చరిస్తుంది. ఒక ముస్లిం సోదరుని రక్తపరీక్ష కాగితం చూసి అతని శీలం మీద తీర్పు చెప్పడం ఈ మూడు హద్దులనూ ఒక్కసారిగా దాటడమే.

మా మస్జిద్ మొదటి వరుసలో నిలబడే ఒక దర్జీ సోదరుని సంగతి ఆయన అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. ఆయన వయస్సు 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది. మనిషి లావుపాటి వాడు కాడు, పొట్ట మాత్రం కొంచెం ముందుకు ఉంటుంది. కడుపులో మంటగా ఉందని స్కానింగ్ తీయించుకుంటే గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. ఆ సమయంలో ఆయన కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఒక కుటుంబం వచ్చి చూసి వెళ్లింది, బాగుందన్నది. ఈ కాగితం సంగతి ఎవరి నోటినుంచో వారి దాకా చేరింది. తరువాత చెబుతామన్నవారు మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆసుపత్రి ముఖం చూడలేదు.

ఒకనాడు ఇషా నమాజు తరువాత అందరూ వెళ్లేదాకా ఆగి, జేబులోంచి మడతలు పడిన కాగితాలు తీసి నా ముందు పెట్టారు. "హజ్రత్, సారాయి ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు. అల్లాహ్‌కు తెలుసు. మనుషులకు నేను ఏమని చెప్పుకోవాలి?" అన్నారు.

"భాయ్, మనుషులకు తరువాత చెబుదాం. ముందు ఈ కాగితం ఏం చెబుతున్నదో చూద్దాం" అన్నాను.

ఒక చిన్న లెక్క

నేను వైద్యుణ్ణి కాను. మదర్సాలో పిల్లలకు వారసత్వ వాటాల లెక్కలు చెబుతాను. భార్యకు ఎనిమిదవ వంతు, తల్లికి ఆరవ వంతు, మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ ఎంతెంత అని పంచడం నా వృత్తి. మా మదర్సాలో ఒకసారి వైద్య శిబిరం జరిగినప్పుడు కర్నూలు నుంచి వచ్చిన ఒక వైద్యుడు కాలేయపు మచ్చను అంచనా వేసే లెక్కను నాకు తెల్లకాగితంపై రాసి చూపించారు. మీరాస్ లెక్కలతో పోలిస్తే అది చాలా సులువు. దాని పేరు ఫిబ్-4. అమెరికా వైద్యుడు రిచర్డ్ స్టెర్లింగ్, ఆయన సహచరులు 2006లో హెపటైటిస్ సి, హెచ్ఐవీ రెండూ ఉన్న రోగుల కోసం దీన్ని రూపొందించారు. తరువాత ఫ్యాటీ లివర్‌కూ ఇది పనికివస్తుందని తేలింది.

దీనికి కావలసినవి నాలుగే: వయస్సు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య. కొన్ని ల్యాబుల కాగితాల్లో ఎస్‌జీఓటీని ఏఎస్‌టీ అని, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అని రాస్తారు. ప్లేట్‌లెట్లను మన దగ్గర లక్షల్లో రాస్తారు. లెక్క కోసం వాటిని వేలల్లోకి మార్చుకోవాలి. 1.74 లక్షలంటే 174 వేలు కాబట్టి 174 అని తీసుకోవాలి.

మొదట వయస్సును ఎస్‌జీఓటీతో హెచ్చించాలి. దర్జీ సోదరుని ఎస్‌జీఓటీ 54. కనుక 58ని 54తో హెచ్చిస్తే 3132. తరువాత ఎస్‌జీపీటీకి వర్గమూలం తీయాలి. ఆయన ఎస్‌జీపీటీ 36, దాని వర్గమూలం 6. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య 174తో హెచ్చిస్తే 1044. చివరగా 3132ను 1044తో భాగించాలి. సరిగ్గా 3 వచ్చింది.

ఈ సంఖ్య 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి వయస్సు వల్లనే సంఖ్య పెరుగుతుంది కాబట్టి వారికి ఈ హద్దును 2గా తీసుకుంటారు. 2.67 దాటితే కాలేయ వైద్య నిపుణుణ్ణి కలవాలి. ఈ రెంటికీ మధ్య ఉంటే ఏదీ తేలనట్లు, రెండవ పరీక్ష కావాలి. 35 ఏళ్లలోపు వారి విషయంలో ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు. డెంగీ వంటి జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, కామెర్లు వచ్చినప్పుడు తీసిన రక్తంతో లెక్క కడితే తప్పుడు సంఖ్య వస్తుంది. జబ్బు తగ్గాక తీసిన రక్తంతోనే చూడాలి. ఇంకొక మాట. ఈ లెక్క మచ్చ లేదని చెప్పడంలో గట్టిది, ఉందని చెప్పడంలో అంత గట్టిది కాదు. ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు రుజువైనట్లు కాదు, వెతకవలసిన అవసరం రుజువైనట్లు.

దర్జీ సోదరుని కాగితాల్లో విడివిడిగా చూస్తే భయపడవలసినదేమీ లేదు. స్కానింగ్‌లో మొదటి గ్రేడే. ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది. ప్లేట్‌లెట్లూ లక్షన్నరకు పైనే ఉన్నాయి. ఎస్‌జీఓటీ ఒక్కటే కాస్త ఎక్కువ. నాలుగింటినీ కలిపి లెక్క కట్టినప్పుడే 3 అన్న సంఖ్య బయటపడింది. ఆ కాగితం ఏడు నెలలుగా ఆయన జేబులోనే ఉంది.

సూది లేని పరీక్ష

ఒకప్పుడు మచ్చను చూడాలంటే పక్కటెముకల మధ్య నుంచి సూది గుచ్చి కాలేయపు ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో చూసేవారు. ఆ పద్ధతి నేటికీ అవసరమైన సందర్భాలున్నాయి. కానీ దానికి నొప్పి ఉంది, అరుదుగా రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఆ సూదికి వచ్చే ముక్క మొత్తం కాలేయంలో సుమారు యాభైవేలవ వంతు మాత్రమే. మచ్చ ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఉంటే ఆ ముక్క పూర్తి నిజం చెప్పకపోవచ్చు.

ఇప్పుడు చాలామందికి ఆ సూది అవసరం రావడం లేదు. సంతలో కుండ కొనే అవ్వ దాన్ని పగలగొట్టి చూడదు. వేలితో తట్టి, మోతను బట్టి లోపల పగులు ఉందో లేదో చెబుతుంది. ఫైబ్రోస్కాన్ అనే యంత్రం చేసే పని కూడా దాదాపు ఇదే. ఫ్రాన్స్‌లో రూపొందిన ఈ పరికరాన్ని గురించిన తొలి వైద్య పరిశోధన 2003లో వెలువడింది. రోగి వెల్లకిలా పడుకుని కుడిచేతిని తల కింద పెట్టుకుంటాడు. కుడివైపు పక్కటెముకల మధ్య చర్మంపై చిన్న పరికరాన్ని ఆనించి మెల్లగా ఒక తట్టు తడతారు. ఆ తట్టు ఒక అలగా కాలేయంలోకి వెళుతుంది. మెత్తని కాలేయంలో అల నెమ్మదిగా, గట్టిపడిన కాలేయంలో వేగంగా సాగుతుంది. ఆ వేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, గట్టిదనాన్ని కిలోపాస్కళ్లలో చూపుతుంది. ఇలా కనీసం పదిసార్లు కొలిచి మధ్యస్థ విలువను తీసుకుంటారు. అదే కూర్చోబెట్టి కొవ్వు ఎంత ఉందో కూడా మరో సంఖ్యలో చెబుతుంది. మొత్తం పది నిమిషాల పని.

ఆరోగ్యవంతమైన కాలేయంలో గట్టిదనం సాధారణంగా 7లోపే ఉంటుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి 8 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 8 నుంచి 12 మధ్య అయితే ఇంకా పరిశీలించాలి. 12 దాటితే ముదిరిన మచ్చ ఉన్నట్లు బలంగా అనుమానించాలి. పరీక్షకు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. భోజనం చేసి వెళితే కాలేయానికి రక్తప్రవాహం పెరిగి సంఖ్య ఎక్కువగా వస్తుంది. కామెర్లు, గుండె బలహీనత ఉన్నవారికీ సంఖ్య ఎక్కువగా వచ్చే వీలుంది. అందువల్ల ఈ సంఖ్య అర్థాన్ని చెప్పవలసినది వైద్యుడే.

ఈ పరీక్షల గురించి మన సోదరీసోదరులు నన్ను అడిగే ప్రశ్నలు రెండున్నాయి. రోజాలో ఉండగా చేయించుకోవచ్చా అన్నది మొదటిది. ఫైబ్రోస్కాన్‌లో శరీరంలోకి ఏదీ వెళ్లదు కాబట్టి రోజాకు ఏ లోపమూ రాదు. పైగా ఖాళీ కడుపు ఎలాగూ ఉంటుంది. పరీక్ష కోసం రక్తం ఇచ్చినా హనఫీ ఫిఖ్హ్ ప్రకారం రోజా భంగం కాదు. నీరసం వచ్చి రోజా కొనసాగించలేని స్థితి కలిగేంత రక్తం తీయించుకోవడమే మక్రూహ్. రెండవ ప్రశ్న స్త్రీల పర్దాకు సంబంధించినది. కుడి పక్క కొద్ది భాగం మాత్రమే తెరిస్తే చాలు. మహిళా సిబ్బంది చేత చేయించమని ముందుగా అడగడంలో సంకోచం అక్కరలేదు. మహిళ దొరకలేదని పరీక్షనే మానుకోవడం సరికాదు. చికిత్స అవసరమైన చోట అవసరమైనంత మేరకు షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది.

దర్జీ సోదరునికి 13.6 వచ్చింది. ముదిరిన మచ్చే. వైద్యుడు ఆయనకు హెపటైటిస్ బి, సి లేవని రక్తపరీక్షతో నిర్ధారించుకున్నారు. గట్టిదనం 20 కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే ఎక్కువ కాబట్టి లోపల రక్తనాళాలు ఉబ్బాయేమో చూసే ఎండోస్కోపీ ఇప్పుడే అవసరం లేదన్నారు. ఆరు నెలలకు ఒకసారి స్కానింగ్ మాత్రం తప్పనిసరి అన్నారు. కాలేయపు క్యాన్సర్ వస్తే తొలిదశలోనే పట్టుకోవడం దాని ఉద్దేశం. మధుమేహపు మందులు కొన్ని మార్చారు. ఆరు కిలోలు తగ్గమన్నారు.

కొన్నాళ్లకు మరో సంబంధం వచ్చింది. ఈసారి ఆయన తానే ముందుగా మాట్లాడతానన్నారు, నన్ను పక్కన ఉండమన్నారు. టీ తాగడం పూర్తయ్యాక తన కాగితాలను పెళ్లికొడుకు తండ్రి ముందు పెట్టి, తనకున్న జబ్బేమిటో, అది ఎందుకు వస్తుందో నెమ్మదిగా చెప్పారు. ఆ పెద్దమనిషి చాలాసేపు కాగితాల వైపే చూశారు. నా గుండె కొట్టుకుంది. చివరకు ఆయన అడిగింది ఒకటే: "హజ్రత్, నాకూ తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. నా లెక్క కూడా కడతారా?" ఫోనులో ఉన్న తన పరీక్షల కాగితం చూపించారు. 61 ఏళ్లు, ఎస్‌జీఓటీ 28, ఎస్‌జీపీటీ 25, ప్లేట్‌లెట్లు 2.8 లక్షలు. 1.22 వచ్చింది. పర్వాలేదు, మధుమేహం ఉన్నది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూసుకోండని చెప్పాను. ఆ తరువాతే పెళ్లి మాటలు మొదలయ్యాయి.

మచ్చ తగ్గుతుందా

తగ్గుతుంది. ఎక్కువమందికి తెలియని శుభవార్త ఇదే. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు తగ్గుతుంది. 7 శాతం తగ్గితే మంట చల్లారే అవకాశం ఉంది. 10 శాతం తగ్గినవారిలో చాలామందికి మచ్చ కూడా వెనక్కి తగ్గినట్లు పరిశోధనల్లో కనిపించింది. 80 కిలోల మనిషికి ఇది 8 కిలోలు. మచ్చ ఉన్న ఫ్యాటీ లివర్‌కు రెస్మెటిరోమ్ అనే తొలి మందును అమెరికా 2024లో ఆమోదించింది. అయినా మందు ఉన్నా లేకపోయినా తిండి, నడక మారక తప్పదు. మన దేశస్థులకు సన్నగా ఉన్నా ఈ జబ్బు వస్తుంది కాబట్టి తూకం కంటే ముందు నడుమును కొలవాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

కడుపును మూడు భాగాలు చేసి, ఒకటి ఆహారానికి, ఒకటి నీటికి, ఒకటి శ్వాసకు వదలమన్న ప్రవక్త (స) బోధను మనం ప్రసంగాల్లో చెబుతాము. వలీమా పంక్తిలో మాత్రం మూడు భాగాలనూ బిర్యానీతో నింపి, ఆపైన తీపిని, రంగు సోడాను కుక్కుతాము. మద్యం విషయంలో హద్దును కాపాడుకున్నవాళ్లం తిండి విషయంలో హద్దు ఉందన్న సంగతి మరిచాము. తినండి తాగండి, అతి చేయకండి అన్న భావం గల ఆజ్ఞ కూడా అదే ఖుర్ఆన్‌లోనిదే. మన సీమ నేల మనకు జొన్నరొట్టెను, కొర్ర అన్నాన్ని, ఉలవచారును ఇచ్చింది. మన తాతలు అవి తిని చేలల్లో నడిచారు. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, పండ్లతో ఆగి, సమోసాలనూ బజ్జీలనూ తగ్గించుకుంటే రమజాన్ నెల కాలేయానికీ మేలు చేస్తుంది. నడవగలిగినవారు మస్జిద్‌కు బండి మీద కాక నడిచి వస్తే అడుగడుగుకూ పుణ్యం, ఆరోగ్యం రెండూ దక్కుతాయి.

కాలేయాన్ని కడిగేస్తామంటూ అమ్మే చూర్ణాల జోలికి వెళ్లకండి. వాటిలో కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఎక్కువ మరణాలకు కారణం గుండె జబ్బులే కాబట్టి రక్తపోటు, కొలెస్ట్రాల్, షుగర్ మందులను వైద్యుని మాట లేకుండా ఆపకండి.

విధిలో ఉన్నది జరుగుతుంది, పరీక్షలెందుకు అనేవారు మనలో ఉన్నారు. చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు ప్రవక్త (స) చేయించుకోమనే చెప్పారు. ముసలితనం తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఏర్పరచాడని కూడా తెలిపారు. ఈ దేహం మన సొంత ఆస్తి కాదు, మన చేతికి అప్పగించిన అమానత్. ఎవరైనా తన సొమ్మును మన దగ్గర దాచుకుంటే అప్పుడప్పుడూ తెరిచి, లెక్క సరిగ్గా ఉన్నదో లేదో చూసుకుంటాము. దేహం విషయంలోనూ ఆ మాత్రం శ్రద్ధ ఉండాలి.

పాఠక సోదరీసోదరులారా! మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారు, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చినవారు ఎవరున్నారో ఈ వారమే చూడండి. ముఖ్యంగా మీ తల్లి కాగితాలు చూడండి. ఇంట్లో అందరి జబ్బులూ చూసే తల్లి కాగితాలను ఎవరూ తెరవరు. రుతుక్రమం ఆగిన తరువాత స్త్రీలలో ఈ జబ్బు పెరుగుతుంది. నాలుగు సంఖ్యలూ ఉంటే లెక్క కట్టండి. ప్లేట్‌లెట్ల పరీక్ష లేకపోతే చేయించండి. సంఖ్య హద్దు దాటితే కాగితాలతో వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. మస్జిద్ కమిటీలు శుక్రవారం నమాజు తరువాత ఒక అరగంట కేటాయించి, లెక్క తెలిసిన ఒక యువకుణ్ణి కూర్చోబెడితే ఊరి పెద్దలందరి కాగితాలూ చూడవచ్చు. దీనికి కావలసినది ఒక కలం, ఒక కాగితం, తోటివారి జబ్బు గుట్టును కాపాడే ఒక మంచి మనస్సు.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మన నాలుకలకు అదుపును, మన అవయవాల అమానత్‌ను కాపాడుకునే శ్రద్ధను ప్రసాదించుగాక. ఆమీన్.